బ్రేక్ షూకి ఆముదం

మా సలోమి అత్త ఇంటి వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపేది ఒక పాత బ్రేక్ షూ. నెలవంకలా వంచిన ఇనుప ముక్క, దాని వీపున రాగి రివిట్లతో బిగించిన లైనింగు. కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్ సందులో ఆ రెండు గదుల ఇంటికి ఎప్పుడు వెళ్ళినా దాన్ని దాటుకునే లోపలికి అడుగు పెట్టాలి. యాభై ఏళ్ళుగా దాటుతూనే ఉన్నాను, ప్రతిసారీ కళ్ళు పక్కకి తిప్పుకుని. ఆశి మామ పోయాడని కబురు వచ్చినప్పుడు మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాను. ఆదరణ కూడికకి కూడా వెళ్ళలేకపోయాను. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక, జూన్ నెలలో, విశాఖపట్నంలో రైలెక్కి అత్తని చూడ్డానికి వెళ్ళాను. ఈసారి గుమ్మం చప్పున దాటలేకపోయాను. కర్ర అవతల ఆనించి, ఒక కాలు వేసి, రెండో కాలు లాక్కునేదాకా కిందికి చూడక తప్పలేదు.

అది ఏ కారుదో నాకు తెలుసు. బ్రేకు పట్టవలసిన రోజున ఎందుకు పట్టలేదో కూడా తెలుసు. దానికి నూనె రాసిన చెయ్యి నాదే. ముప్ఫై ఏళ్ళు పత్రికలో పనిచేశాను. నిన్నటి సంచికలో ఫలానా పేరు తప్పుగా పడింది, చింతిస్తున్నాము అని ఎంతమంది తప్పులకో సవరణలు రాశాను. నాది ఒకటి మాత్రం అచ్చుకి పంపకుండా దాచుకున్నాను.

అప్పట్లో మేము ఖిదిర్‌పూర్‌లో, రేవు కార్మికుల క్వార్టర్ల వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆదివారాలు తెలుగు చర్చిలో సంఘపెద్దగా ముందు బల్ల మీద కూర్చునేవాడు. తెల్ల చొక్కా గుండీ మెడదాకా బిగిస్తే వారమంతా క్రేన్ మీద తిట్టిన తిట్లన్నీ ఆ గుండీ కిందే ఉండిపోయేవి. అమ్మ వైపు వాళ్ళలో కలకత్తా చేరింది ఆమె తమ్ముడు ఆశీర్వాదం ఒక్కడే. మేమంతా ఆశి మామ అనేవాళ్ళం. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. గార్డెన్ రీచ్‌లో ఒక గరాజులో పని నేర్చుకుంటూ మా ఇంట్లోనే వరండాలో పడుకునేవాడు. పొద్దున్నే కుళాయి దగ్గర బాల్టీల వరస, బెంగాలీ మాసీల కేకలు, బొగ్గు పొయ్యి పొగ, ఉప్పుచేప వేగే వాసన. వీటన్నిటి మధ్య మామ చేతిలో ఏదో ఒక నట్టు తిప్పుతూ కూర్చునేవాడు. పక్కింటి వాళ్ళ గోడ గడియారం దగ్గరనుంచి మా కుట్టు మిషను దాకా అతను విప్పనిది లేదు. విప్పినవి చాలావరకు మళ్ళీ బిగించేవాడు కూడా.

మా ఇంటికి ఒక వాసన ఉండేది, ఆముదం వాసన. ఊరి నుంచి ఎవరు వచ్చినా అమ్మకి గానుగాముదం సీసా తేవాలి. చిక్కగా, తేనెరంగులో ఉండేది. తలకి అదే, కీళ్ళనొప్పులకి అదే, పసిపిల్లల కడుపుకి అదే. అన్నిటికంటే ముఖ్యం ఇనప సామాను. కలకత్తా వాన మీకు తెలియంది కాదు. గోడలు చెమర్చి, ఉప్పు నీరుగారి, పెట్టెలో బట్టలకి బూజు పట్టే వాన. అమ్మకి తుప్పంటే పాపంతో సమానం. తొలకరి పడగానే కత్తిపీట, అట్లపెనం, మూకుడు, పట్టకారు, తలుపు గడియలు, చివరికి నాన్న పెట్టె తాళం కూడా వరసగా పెట్టి, గుడ్డతో ఆముదం రాసి, కాసేపు నాననిచ్చి, పొడి గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి పైన పెట్టేది. భీమిలి తీరాన ఉప్పుగాలిలో పుట్టి పెరిగిన ఆడవాళ్ళందరిదీ ఆ అలవాటే. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ గుడ్డ నా చేతికి వచ్చింది. ఇంట్లో ఇనుము కనబడితే నూనె రాయాలి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

మూర్తిగారు బ్యాంకులో పెద్ద ఉద్యోగి. మా మనుషులూ కారు, మా సంఘమూ కాదు. ఆయన తల్లికి చూపు మందగించింది. కలకత్తాలో తెలుగు చదివి వినిపించే వాళ్ళు దొరక్క ఎవరో నా పేరు చెప్పారు. బి.ఏ. చదువుతున్న నేను శని, ఆదివారాలు వెళ్ళి ఆవిడకి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే తెలుగు పత్రికలు చదివేదాన్ని. చదివేశాక ఆ పత్రికలు నాకే ఇచ్చేవారు. ఒకరోజు నేను పత్రికలో తప్పులు ఎర్ర పెన్సిలుతో దిద్దడం చూసి మూర్తిగారు నవ్వి, "డిగ్రీ అవనీ అమ్మాయ్, బెజవాడలో పత్రికాఫీసులో మావాడు ఉన్నాడు, ఉత్తరం రాస్తాను" అన్నారు. ఆ ఉత్తరం మీద నేను ఎన్ని మేడలు కట్టుకున్నానో చెప్పలేను.

ఆయనకి ఒక నల్ల కారు ఉండేది. బ్రేకు తొక్కితే కత్తిపీట మీద గులకరాయి గీసినట్టు కీచుమనేది. పెద్ద గరాజులకి ఇస్తే వారాల తరబడి ఉంచేస్తున్నారని విసుక్కుంటుంటే, మా మామ సంగతి నేనే చెప్పాను. ఆయన మా సందుకి వచ్చి మామని చూసి, "ఏమయ్యా, ఇంటి దగ్గరే చెయ్యగలవా?" అన్నారు.

"సామాన్లుంటే సాలు బాబూ. ముందు సక్రాల లైనింగులు అరిగిపోనాయి. రివిట్లు ఒచ్చి డ్రమ్ముని గీసేస్తన్నాయి. శనివారం ఇప్పితే ఆదివారం మజ్జానానికి ఇచ్చేస్తాను."

"చెయ్యి చూద్దాం. మా ఆఫీసు బళ్ళు మూడున్నాయి. మెకానిక్కు చోటు ఖాళీగా ఉంది. నీ పని నచ్చితే నిన్నే పెట్టిస్తాను."

ఆ మాట మామకి ఎంత అవసరమో మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు ఆరేడు నెలల ముందు రేవు దగ్గర ఎవరితోనో నాటుసారా తాగి వచ్చి వరండాలో పడిపోయాడు. నాన్న ఆ పూటే సామాను బయట పడేశాడు. అమ్మ ఏడ్చి, తమ్ముడి చేత బైబిలు మీద చెయ్యి వేయించి, మళ్ళీ లోపలికి తెచ్చుకుంది. అప్పటినుంచి అతను ముట్టలేదు. ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ పక్కనుంచి నడిచేటప్పుడు కావాలని ఊపిరి గట్టిగా వదిలేవాడు. "అప్పా, సూసుకో, ఒట్టి టీయే" అని నవ్వేవాడు. నాన్న మాత్రం నమ్మలేదు. నెలజీతం ఉద్యోగం వస్తే నమ్ముతాడని అమ్మ ఆశ.

శనివారం పొద్దున కారు మా సందులోకి వచ్చింది. సందు మొత్తం చుట్టూ చేరింది. ఎదురు మేడమీది ఘోష్ దాదా, పింఛను మనిషి, రెయిలింగు మీదికి వంగి, "గాడీ చోల్బే తో, ఆశీర్బాద్?" అన్నాడు, బండి నడుస్తుందా అని. మామ చక్రం విప్పుతూనే, "చోల్బే దాదా, థామ్బేఓ!" అని అరిచాడు. నడవడమే కాదు, ఆగుతుంది కూడా అని. అందరూ నవ్వారు. నేను కూడా.

జాకీ ఎత్తి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, రెండు ముందు చక్రాలూ, వాటి వెనకనున్న డ్రమ్ములూ లాగాడు. లోపల దుమ్మంతా నోటితో ఊదేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదని అప్పుడు ఎవరికీ తెలియదు. స్ప్రింగులు తప్పించి చక్రానికి రెండు చొప్పున నాలుగు షూలు బయటికి తీశాడు. పాత లైనింగుల రివిట్లు ఉలితో కొట్టేసి, కొత్త లైనింగులు బిగించడానికి గట్టి దిమ్మ కావాల్సి వచ్చి, అమ్మ రుబ్బురోలు వరండాలోకి దొర్లించాడు.

"ఒరే, నా రోలు పగిలిందంటే పప్పు నీ నెత్తి మీద రుబ్బుతాను!" అంది అమ్మ.

"నా నెత్తి రోలు కంటే గట్టిదే అప్పా. రుబ్బుకో."

మధ్య రివిట్లు ముందు కొట్టాడు, చివరివి ఆఖరున. చివర నుంచి మొదలెడితే లైనింగు నడుమ ఉబ్బుతుందని చెప్పాడు. ప్రతి రివిట్టు తలా లోపలికి దిగిందో లేదో బొటనవేలి గోరుతో తడిమి చూశాడు. అంచులు ఆకురాయితో వాలుగా అరగదీశాడు. నేను రివిట్లు అందిస్తూ కూర్చున్నాను. అంత ఓపికగా, ముచ్చటగా పనిచేసే మగవాణ్ణి నేను అదివరకు చూడలేదు. తరవాత ప్రెస్సులో పాత కంపోజిటర్లు ఒకరిద్దరిలో ఆ చేతులు చూశాను. నాలుగు షూలూ అయ్యేసరికి మబ్బు కమ్మింది. వాన దబదబా కొట్టింది. ఇంక ఆ రోజుకి బిగించే వీలు లేదు. డ్రమ్ముల మీద టార్పాలిను కప్పి, షూలని మూర్తిగారింటి పాత పత్రికల్లోనే చుట్టి, వంటింటి అలమారలో పెట్టి, మామ నట్టు కోసమో దేనికోసమో గరాజుకి పరిగెత్తాడు.

లైనింగు డ్రమ్ముని ఒరుసుకుంటేనే బండి ఆగేది, దానికి జిడ్డు తగలకూడదని అతను నాకు చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు. అన్నంలో కిరసనాయిలు పొయ్యకూడదని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

అమ్మ ఆ సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడికకి వెళ్తూ గొడుగు విప్పుతూ నాతో అంది: "వాన పట్టీసింది. ఇనప సామానంతా బేగి నూనె రాసి పెట్టీయే." అంతే అంది. నేను వరసగా కత్తిపీట రాశాను, పెనం రాశాను, మూకుడు రాశాను. అలమార తీస్తే కాగితం పొట్లాలు నాలుగు. చుట్టిన పత్రిక తడి అంటి మెత్తబడింది. విప్పి చూస్తే షూల ఇనుము మీద అప్పుడే చిన్న చిన్న ఎర్ర చుక్కలు. మామ ఇంత కష్టపడి చేసినవి తుప్పు పడితే ఎలా అనుకున్నాను. ఆముదం ధారగా పోసి, ఇనుముకీ, లైనింగుకీ, రివిట్లకీ గుడ్డతో బాగా పట్టించాను. నేసిన గోనెలాంటి లైనింగు తాగినకొద్దీ తాగింది. ఇంకా పోశాను. కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పొడి కాగితాల్లో చుట్టి ఎప్పటి చోటే పెట్టాను. మామ కోసం ఒక మంచి పని చేశానన్న తృప్తితో చేతులు కడుక్కున్నాను. ఆ తృప్తి ఇప్పటికీ గుర్తుంది. అదే ఎక్కువ బాధ పెడుతుంది.

ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి వాన తెరిపిచ్చింది. మూర్తిగారు నాలుగింటికి వస్తానన్నారు. మామ పంట్లాము మడిచి పనిలో దిగాడు. పొట్లాలు విప్పి షూలు ఒక్కొక్కటీ నేనే అందించాను. లైనింగు రంగు కొంచెం ముదిరిందేమో. మబ్బు వెలుతుర్లో, తడి నేల మీద వెల్లకిలా పడుకున్న మనిషికి అది కనబడలేదు. వాసన అంటారా, ఆదివారం పూట మా ఇంట్లో అందరి తలా ఆ వాసనే, మామదీ అదే. తరవాత నన్ను లోపల కూర్చోబెట్టి పెడలు తొక్కించాడు. గొట్టాల్లో చేరిన గాలి బయటికి పోవడానికి ఒకరు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పాలి. "తొక్కు... పట్టు... వదులు. తొక్కు... పట్టు... ఏటే, నిద్దరోతన్నావా, పట్టమంటే వదిలీసినావు!" అని కింద నుంచి కేకలు. మొదట మెత్తగా దిగిన పెడలు పోనుపోను నా కాలి కింద రాయిలా గట్టిపడింది. మామ లేచి, చేతులు తుడుచుకుని, సందులో అటూ ఇటూ నడిపి చూశాడు. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది, కీచుమనకుండా. ఘోష్ దాదా మేడమీంచి చప్పట్లు కొట్టాడు.

మూర్తిగారు వచ్చి స్టీరింగు పట్టారు. పక్కన మామ. వాళ్ళమ్మగారికి పత్రికలు చదవడానికి వెళ్ళాల్సిన రోజు కనక నేను వెనక సీట్లో ఎక్కాను. బజారు దగ్గర జనం ఎక్కువై ఆయన పదే పదే బ్రేకు తొక్కుతూ వచ్చారు. "బాగుందయ్యా, బాగా పడుతోంది" అన్నారు. మామ వెనక్కి తిరిగి నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. అతని మొహంలో అంత ధీమా నేను మళ్ళీ చూడలేదు. వంతెన ఎక్కి దిగుతుండగా ఆయన బ్రేకు తొక్కారు. పెడలు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగలేదు. వేడికి, తాగిన నూనెంతా పైకి చెమర్చి ఉంటుందని చాలా ఏళ్ళ తరవాత ఒకరిని అడిగి తెలుసుకున్నాను. అప్పుడు తెలిసిందల్లా, ముందున్న ట్రామూ, పక్కన కొబ్బరి బొండాల బండీ మా మీదికి వస్తున్నాయని. మామ ఒక చేత్తో స్టీరింగు ఎడమకి తోసి, రెండో చేత్తో హ్యాండు బ్రేకు పైకి లాగాడు. కారు అడ్డం తిరిగి, బొండాల బండిని రాసుకుని గోడౌను గోడకి కొట్టుకుంది. బొండాలమ్మేవాడు ముందే దూకేశాడు. పచ్చటి బొండాలు వంతెన పొడుగునా దొర్లుకుంటూ పోయాయి. మూర్తిగారి నుదురు చిట్లింది. చొక్కా మీద రక్తం చూసి నేను కేక పెట్టాను. మామ హ్యాండు బ్రేకు లాగకపోతే మేం ట్రాము కింద ఉండేవాళ్ళం. ఆ మాట ఆ రోజు ఎవరూ అనలేదు.

మర్నాడు కారుని మా సందుకి తాళ్ళతో లాక్కొచ్చారు. నాన్న పనికి వెళ్ళకుండా నిలబడ్డాడు. మామ డ్రమ్ము లాగాడు. లైనింగు నల్లగా మెరుస్తోంది, వేలు పెడితే జారుతోంది. కాలిన నూనె కమురు వాసన. అది ఏ నూనెదో పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు. నాకు తెలిసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"గ్రీజు చేతుల్తో కట్టినావు" అన్నాడు నాన్న. "కాదంటావేటి?"

"సబ్బెట్టి కడుక్కున్నాను బావా."

"తాగినోడి చేతికి కడిగిందేటో కడగందేటో తెలుస్తాదేటిరా?"

అమ్మ నన్ను తోసుకుని బయటికి వచ్చింది. "తమ్ముడా, నా మీద ఒట్టు. ముట్టినావా?"

"నేదప్పా."

"మరి ఈ నూనె ఎక్కడిదిరా?"

మామ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముందు, వెనక, గోళ్ళ సందులు. ఎంతసేపు చూసుకున్నాడో. "నా చేతులదే అయ్యుంటాదప్పా" అన్నాడు. "ఇంకెవులు ముట్టుకున్నారు?"

ఇంకెవరు ముట్టుకున్నారన్న ఆ మాటకి జవాబు మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. నోరు తెరవడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నాకు నాన్న భయం తోచింది. అంతకంటే ముందు మూర్తిగారి నుదురు, ఆయన రాస్తానన్న ఉత్తరం తోచాయి. ఈ వరస నాకు బాగా గుర్తు. ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నా మారలేదు.

ఆ సాయంత్రం మామ సంచీలో పనిముట్లు సర్దుకుని గార్డెన్ రీచ్ వెళ్ళిపోయాడు. పోతూ నాలుగు షూలలో ఒకటి సంచీలో వేసుకున్నాడు. నాన్న ఆపలేదు. అమ్మ కూడా ఆపలేదు. బైబిలు మీద ఒట్టు తప్పాడనుకున్న తమ్ముణ్ణి ఆపడానికి ఆమెకి నోరు రాలేదు. రెండు రోజులకి నూనె సీసా ఎత్తి చూసి, "ఇదేటే, సగానికొచ్చీసింది?" అంది.

"తలకి రాసుకున్నానమ్మా."

"జుట్టు రాలిపోతందని అంతంత రాసీకోకు. ఊరి నుంచి ఎవులొస్తారో ఏటో."

నేను నోటితో ఆడిన అబద్ధం ఆ ఒక్కటే. మిగిలిందంతా మాట్లాడకపోవడం.

ఆఫీసు బళ్ళ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. మూర్తిగారు పెద్దమనిషి. నుదుటి మీద కుట్లతోనే, "మీ మామ చేసినదానికి నువ్వేం చేస్తావమ్మా" అని ఉత్తరం రాసిచ్చారు. ఆ ఉత్తరం పట్టుకుని డిగ్రీ అవగానే బెజవాడ వెళ్ళాను. ప్రూఫులు దిద్దాను, తరవాత వార్తలు దిద్దాను. నా కింద పనిచేసిన పిల్లలకి నిక్కచ్చి మనిషినని పేరు. ఒక్క అక్షరం తప్పు పోయినా మర్నాడు సవరణ పడవలసిందే అనేదాన్ని. వాళ్ళు నన్ను చూసి భయపడేవారు, గౌరవించేవారు.

మూడేళ్ళకి క్రిస్మస్ సెలవుల్లో ఖిదిర్‌పూర్ వెళ్తే మామ మా ఇంట్లో ఉన్నాడు. ఆ ఏడే పెళ్ళయింది. గార్డెన్ రీచ్ వదిలి ఏక్‌బాల్‌పూర్‌లో రేకుల పాకలో సొంతంగా పని పెట్టుకున్నాడు. సలోమి అత్తని తీసుకుని, పిలవకుండానే, తనే వచ్చాడట. నాన్న పొడి పొడిగా మాట్లాడాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి, వంటింట్లోకి పోయి ముక్కు చీది, నాలుగు రకాలు వండింది. సాయంత్రం నేను కేకు డబ్బా పట్టుకుని మూర్తిగారింటికి బయల్దేరితే, ట్రామ్ స్టాపు దాకా దిగబెడతానని మామ వెంట వచ్చాడు. స్టాపులో దీపస్తంభానికి ఆనుకుని అడిగాడు.

"అమ్మడూ."

"ఏటి మామా?"

"నాకేటైనా సెప్పాలా నువ్వు?"

నా పెళ్ళి సంగతి అడుగుతున్నాడనుకున్నాను. ఆఫీసులో ఎవరినైనా చూసుకున్నానేమోనని అమ్మ అడిగించిందనుకున్నాను. "ఏటుంది మామా సెప్పడానికి? బెజవాడ ఎండలు, పేపరు పని" అన్నాను.

"ఏటీ నేదా?"

"ఏటీ నేదు."

"సరే అయితే. పేపరు కబుర్లే సెప్పు" అన్నాడు. ట్రాము వచ్చేదాకా చెప్పాను. నేను ఎక్కుతుంటే కేకు డబ్బా పట్టుకుని, ఎక్కాక అందించాడు.

ఈమధ్య విశాఖపట్నంలో మా అపార్ట్‌మెంటు కింద పై అంతస్తు అబ్బాయి ఒకడు తన కారు బ్రేకు ప్యాడ్లు తనే మార్చుకున్నాడు. కింద చాప పరిచి, ఫోను చక్రానికి ఆనించి, అందులో ఎవరో చెబుతుంటే అలాగే చేస్తూ పోయాడు. చేతికి తొడుగులు. ప్యాడ్లు అట్టపెట్టెలో, దాని లోపల ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి. పెట్టె మీద నూనెడబ్బా బొమ్మ, దాని మీద ఎర్ర గీత కొట్టి ఉంది. నూనె తగలనివ్వకు అని. కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. గంటలో అయిపోయింది. తొక్కమనీ, పట్టమనీ, వదలమనీ అరిచే అవసరం అతనికి పడలేదు. రెండో మనిషి అక్కర్లేకుండానే అయింది. ఎంత బాగుంది అనుకున్నాను, ఎవరూ ఎవరినీ పాడుచేసే వీలు లేదు. అనుకున్నాక కూడా ఆ పెట్టె కాసేపు చేతిలో పట్టుకునే కూర్చున్నాను. "ఆంటీ, పారేస్తా ఇటివ్వండి" అని అతనే తీసుకున్నాడు.

సలోమి అత్తకి చెవులు ఇప్పటికీ బాగానే ఉన్నాయి, చూపే తగ్గింది. నేను వెళ్ళిన మధ్యాహ్నం టీ ఇచ్చి, కష్టసుఖాలు చెప్పి, కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఉండు, వానొచ్చీలాగుంది, ఈ పనొకటి కానిచ్చుకోనీ" అని నేల మీద చతికిలపడింది. ముందు కత్తిపీట, పెనం, పట్టకారు. సీసాలో తేనెరంగు నూనె. వాసన గది నిండింది. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆమె చెయ్యి చాచి, తలుపు దగ్గరి బ్రేక్ షూని దగ్గరికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, గుడ్డతో ఆముదం పట్టించసాగింది. ఇనుముకీ, లైనింగుకీ, రివిట్లకీ.

"దానికి కూడా రాస్తావా అత్తా?"

"ఇనుమే కదేటే. ఏటేటా రాస్తాను."

అప్పుడు చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. అమ్మ గొడుగు విప్పడం దగ్గర మొదలెట్టి, సీసా సగానికి రావడం దాకా చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"పెళ్ళయిన కొత్తలో ఆయన సేతులు సూడాలి నువ్వు" అంది చివరికి. "పన్లోకెల్లే ముందు రెండు మార్లు సబ్బు, అన్నం ముందు రెండు మార్లు. తోలూడొచ్చీసీది. ఏటిదని అడిగితే, నా సేతుల్ని నమ్మను అనీవోడు. మొదటి వానకి నాను సామానుకి నూనె రాస్తా దీనికీ రాసినాను. ఒచ్చి సూసినాడు. ఇది రాయమని నీకెవులు సెప్పారన్నాడు. మా ఇంట్లో ఇనప సామానుకి రాస్తాం, మీ అప్ప ఇంట్లో రాయరేటి అన్నాను. ఇదిగో, ఈ గుమ్మంలోనే కూకుండిపోనాడు. టీ సల్లారిపోనాది. రాస్తారు, మనోళ్ళందరూ రాస్తారు అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఒక్క మారే కడుక్కునీవోడు. ఆ క్రిస్మస్‌కే మీ ఇంటికి తీసుకెల్లినాడు నన్ను."

బయట తలుపు గాలికి ఒకసారి కొట్టుకుంది. అత్త పొడిగుడ్డ తీసుకుని షూని తుడవడం మొదలెట్టింది.

"నువ్వొచ్చి ఎల్లినప్పుడల్లా అడిగీవోడే, అమ్మడు ఏటైనా సెప్పిందా అని. కబుర్లు అడుగుతన్నాడు కాబోలనుకుని నాను అన్నీ సెప్పీదాన్ని. నీ ఆరోగ్యం, నీ ఇల్లు, నీ పేపరు. అన్నీ ఇనీవోడు. ఇని, ఇంతేనా అనీవోడు." ఆమె షూని నేల మీద పెట్టింది. "మొన్న ఆస్పత్రిలో కూడా, ఫోన్లో నీతో మాటాడి పెట్టీసింతర్వాత అడిగినాడు."

దాన్ని నాకు ఇమ్మని అడిగాను. ఎందుకు అడిగానో, తీసుకెళ్ళి ఏం చేద్దామనుకున్నానో తెలియదు.

అత్త నా వైపు చూడలేదు. కాలితో తోసి దాన్ని ఎప్పటి చోటికి, తలుపు కిందికి చేర్చింది. "ఉండనీ. తీస్తే తలుపు కొట్టుకుంటాది" అంది.